తూము దగ్గర మొదలుపెట్టే మనిషి

మొన్న పెట్రోలు బంకులో పనిచేసే ఆమె నా కారు ట్యాంకు మూత తిప్పగానే లోపలి నుంచి ‘స్స్’మని గాలి చప్పుడు వచ్చింది. వెనకే పెట్రోలు వాసన. ఎంత కొట్టాలని ఆమె రెండుసార్లు అడిగిందట, నాకు వినపడలేదు. స్టీరింగు మీద చెయ్యి వేసి అట్లాగే కూర్చుండిపోయాను. ఇన్నేళ్లయినా ఆ చప్పుడు వింటే నాకు బాన్సువాడ గుర్తొస్తుంది, పిట్లం రోడ్డు మీద మండుటెండ గుర్తొస్తుంది, లష్కర్ సాయన్న గుర్తొస్తాడు. సాయన్న గుర్తొస్తే ప్రేమతో పాటు కొంత సిగ్గూ వేస్తుంది. ఆ సిగ్గు సంగతి కూడా దాచకుండా రాద్దామనే కూర్చున్నాను.

తొంభైల నడుమ బాన్సువాడలో జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పడానికి చేరాను. నేనూ నా భార్య శారదా కిరాయికి దిగిన ఇంటికీ సాయన్న ఇంటికీ మధ్య ఒకటే గోడ. ఆయన నిజాంసాగర్ కాలువ మీద లష్కరుగా పనిచేసి అప్పటికే రిటైరయ్యాడు. లష్కర్ అంటే కాలువ వెంట తిరుగుతూ తూములు ఎత్తి దించి, ఎవరి పొలానికి ఎప్పుడు నీళ్లు అందాలో చూసే మనిషి. మధ్యలో కొన్నేళ్లు ఇంజనీర్ల జీపు కూడా నడిపాడు. అది ఆగినచోట బాగుచేసేవాళ్లు దొరకరు కాబట్టి ఆ పనీ నేర్చుకున్నాడు. రిటైరయ్యాక ఆయన వాకిలి ఎప్పుడూ ఖాళీగా ఉండేది కాదు. కోటగిరి వైపు నుంచి ట్రాక్టర్లు, మోటారు సైకిళ్లు వచ్చి నిలబడేవి. ఎవరైనా “సాయన్నా, గిది జర చూడు” అంటే చాలు, తింటున్న పళ్లెం పక్కన పెట్టి లేచేవాడు. ఆ పిలుపే ఆయనకు బలం.

నేను ఒక పాత పెట్రోలు కారు కొన్నాను. కొన్న నెలకే అది మొండికేసింది. కార్బురేటర్ సూత్రం నల్లబల్ల మీద కళ్లు మూసుకుని గీయగలవాణ్ని, నాకు మేస్త్రీ ఎందుకని బానెట్ ఎత్తి, పానా పట్టుకుని కార్బురేటర్ విప్పడం మొదలుపెట్టాను. గోడ మీది నుంచి సాయన్న చూస్తున్నాడని తెలుసు. కాసేపు ఓర్చుకుని, ఇక ఉండబట్టలేక వచ్చాడు.

“ఏమైంది సారూ?”

“కార్బురేటర్‌లో ఏదో అడ్డం పడింది సాయన్నా. విప్పి చూస్తున్నా.”

“దాంట్ల అడ్డం పడ్డదని మీకెవరు చెప్పిండ్రు?”

ఆయన నవ్వి నా చేతిలోంచి పానా తీసుకున్నాడు. “చివరి మడి ఎండితే రైతు గా మడి కాడనే కూసోని ఏడుస్తడు సారూ. నీళ్లు మడిల పుడ్తయా? తూము కాడికి పోవాలె. ఆడికెంచి కాలువ గట్టు వట్టుకోని నడుసుకుంట రావాలె. ఏడ ఆగినయో ఆడ దొరుకుతడు దొంగ.”

ఆ మాట అని కారు వెనక్కి వెళ్లి ట్యాంకు మూత విప్పాడు. కర్ర ముంచి చూశాడు. ట్యాంకు నుంచి వచ్చే పైపు ఊడదీసి నోటితో ఊదాడు. అక్కడి నుంచి ఒక్కో అతుకూ చూసుకుంటూ ముందుకొచ్చాడు. దొంగ ఇంజను పక్కన పంపులో ఉన్న చిన్న జాలీలో దొరికాడు. జాలీ నిండా మట్టి. నేను విప్పి పరిచిన కార్బురేటర్ ఏ పాపమూ ఎరగదు. దాన్ని మళ్లీ బిగించడానికే పొద్దు గడిచింది.

పైపు బిగించడంలో ఆయనకో పద్ధతి ఉండేది. క్లిప్పు వేసి, దాని మీద సన్న తీగ రెండు చుట్లు తిప్పి, తీగ కొనను లోపలికి వంచేవాడు. ఆ వంచడం ఎందుకని అడిగితే, “రేపు ఇంకోడు చెయ్యి వెడ్తడు గద సారూ, గీసుకుపోతది” అన్నాడు. రేపు చెయ్యి పెట్టబోయే ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి గురించి అంత ఆలోచన నేనెప్పుడూ చేసి ఉండలేదు.

ఎండాకాలం వచ్చింది. మా వైపు ఎండ సంగతి చెప్పక్కర్లేదు. ఇంజను పక్కనున్న పంపు వేడెక్కి, అందులో పెట్రోలు ఆవిరైపోయి కారు నడిరోడ్డు మీద ఆగిపోయేది. పంపు మీద తడిగుడ్డ వేసి, చల్లబడేదాకా చెట్టు నీడన నిలబడటమే మందు. “కారుకు జ్వరమొచ్చిందా, నుదుటి మీద గుడ్డ వేస్తున్నరు” అని శారద నవ్వేది. చివరికి నేనే ఒక ఉపాయం చెప్పాను. ఇంజను దగ్గరి పంపు తీసేసి, కరెంటుతో నడిచే పంపు వెనక ట్యాంకు దగ్గర పెడితే పెట్రోలుకు వేడి తగలదని. సాయన్న రెండు రోజులు ఆలోచించి, “పెడ్దాం సారూ. తూము కాడనే మోటరు వెట్టినట్టు” అన్నాడు.

రెండు ఆదివారాలు మా వాకిట్లోనే పని జరిగింది. కారు కింద పడుకుని పనంతా ఆయనే చేశాడు, నేను అందించాను. తాళం తిప్పగానే వెనక నుంచి పంపు టకటకమంది. నాకైతే గంతెయ్యాలనిపించింది. కానీ ఇంజను దగ్గర, కార్బురేటర్‌కు వచ్చే చివరి జానెడు రబ్బరు పైపు పొట్టిగా ఉండి అందలేదు.

“నిజామాబాద్ పోయినప్పుడు పెట్రోలు పైపు తెస్త. అందాక బండి తియ్యకుండ్రి” అన్నాడు సాయన్న.

నాకు ఆగబుద్ధి కాలేదు. మా ఇంటి యజమానుల పాత స్ప్రేయరు, పొలానికి మందు కొట్టేది, అటక మీద ఉంటే దాని పైపు జానెడు కోసి నేనే బిగించాను. తీగ చుట్టలేదు. ఆ పైపు తెల్లగా, లోపల పారేది కనపడేటట్టు ఉంటుంది. అందులో పెట్రోలు పారుతుంటే చూసి మురిసిపోయాను. మందు నీళ్లకు చేసిన పైపు పెట్రోలుకు ఆగదని ఫిజిక్స్ మేస్టారికి తట్టలేదు. నాలుగు రోజులు ఊరంతా తిప్పాను.

ఆదివారం పొద్దున సాయన్న కొత్త పైపు చంకలో పెట్టుకుని వచ్చాడు. అప్పటికే ఇంజను నడుస్తోంది. “చూడు సాయన్నా, నీ పైపు లేకుండానే!” అని గొప్పగా బానెట్ ఎత్తాను. మెత్తబడిన పైపు అప్పుడే జారిపోయింది. కాగిపోయి ఉన్న పొగగొట్టం మీద పెట్రోలు పడి భగ్గుమంది. ఇంజను ఆగింది గానీ పెట్రోలు ఆగలేదు. పాత పంపైతే ఇంజనుతో పాటే ఆగేది. కొత్తది తాళం తిప్పేదాకా తోస్తూనే ఉంటుంది. సాయన్న మంటలోకి చెయ్యి పెట్టి, పెట్రోలు చిమ్ముతున్న పైపు కొన మడిచి పిడికిట్లో పట్టుకున్నాడు.

“తాళం తిప్పుండ్రి సారూ! తాళం!”

నేను బానెట్ పట్టుకుని అట్లాగే నిలబడ్డాను. ఎంతసేపు నిలబడ్డానో ఇప్పటికీ చెప్పలేను. కొన్ని క్షణాలే కావచ్చు. ఆయన చెయ్యి కాలింది ఆ క్షణాల్లోనే. చివరికి నేను తాళం తిప్పాక, ఆయనే ఎడమచేత్తో తొట్టి పక్కనున్న తడి గోనెసంచి లాగి మంట మీద పరిచాడు.

అరుపులకు గల్లీ అంతా పోగైంది. ఎదురింటి గంగారాం పటేల్, నాలుగు ట్రాక్టర్లున్న ఆసామి, కారు వైపు చూసి, “గీ పైపు ఎవరు బిగించిండ్రు?” అని గద్దించాడు. బకెట్లో చెయ్యి ముంచుకుని కూర్చున్న సాయన్న తలెత్తకుండానే అన్నాడు: “నేనే పటేలా. కండ్లు సరిగ ఆన్తలెవ్వు.”

నేను కాదనలేదు. దవాఖానకు తీసుకుపోతుంటే దారిలో, ఎందుకట్లా చెప్పావని నెమ్మదిగా అడిగాను. “మీరు సారు. మీ మాట పిల్లలు ఇనాలె. నాదేమున్నది, ముసలోణ్ని” అన్నాడు. నేను దానికీ తలూపాను. కుడిచేతి మూడు వేళ్లు మళ్లీ మడత పడలేదు.

ముసలివాడికేముందో తర్వాత తెలిసింది. సాయన్నకు కళ్లు కనపడటం లేదట, చేతిపని చెడిందట అని మాట పాకింది. ట్రాక్టర్లు వేరే మేస్త్రీల దగ్గరికి మళ్లాయి. వాకిలి ఖాళీ అయింది. పొద్దున్నే అరుగు మీద కూర్చుని, రోడ్డు మీద పోయే ప్రతి బండి చప్పుడూ చెవి ఒగ్గి వినేవాడు. ఎవరూ ఆగేవాళ్లు కాదు. “ఇంకొంచెమైతే ఇల్లు తగలబెడ్తుండె” అని శారద ఆయనతో మాటలు తగ్గించింది. కూర గిన్నెలు గోడ దాటడం ఆగిపోయింది. నేనేమో ఇవాళ చెబుదాం, రేపు చెబుదామని రెండు ఎండాకాలాలు గడిపాను. అబద్ధం ఆడింది ఆయన కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్న రోజులూ ఉన్నాయి. తలుచుకుంటే నా మీద నాకే కోపం వస్తుంది.

ఆ రెండో ఎండాకాలంలో శారదా నేనూ పిట్లం నుంచి వస్తుంటే కారు దగ్గి ఆగిపోయింది. మధ్యాహ్నం ఎండ. “ఆయన చేతిపనే గద. ఇంకెట్లుంటది” అంది శారద. అలవాటు కొద్దీ బానెట్ ఎత్తాను. పెట్రోలు రావడం లేదు. అప్పుడు సాయన్న మాట గుర్తొచ్చి వెనక్కి వెళ్లి కారు కింద దూరాను. ఆయన వేసిన అతుకులన్నీ తడిమి చూశాను. ప్రతి క్లిప్పు మీదా రెండు చుట్ల తీగ, లోపలికి వంచిన కొన. ఒక్క చుక్క కారలేదు. నా వేళ్లకు ఎక్కడా గీసుకోలేదు. అన్నీ చూశాను, ట్యాంకు మూత తప్ప. ఎందుకంటే దాన్ని బాగుచేసింది నేను. పెట్రోలు వాసన వస్తోందని వారం కింద సైకిల్ ట్యూబు కోసి మూతకు గట్టిగా వాషరు వేశాను. గాలి పోవడానికి మూతకుండే సన్న రంధ్రం దాని కింద పూడిపోయింది. లోపలికి గాలి పోకపోతే బయటికి పెట్రోలు రాదు. ఇక చూడ్డానికి మరేదీ మిగలక మూత తిప్పాను. ‘స్స్’మని గాలి లోపలికి పీల్చుకుంది. రెండు నిమిషాలకు ఇంజను అందుకుంది.

నేను కారెక్కలేదు. రోడ్డు పక్కనే నిలబడి, “శారదా, ఆ రోజు కాలిన పైపు సాయన్న బిగించలేదు. నేను బిగించిన” అన్నాను.

ఆమె ఒళ్లోని సంచి తీసి పక్కన పెట్టింది. “రెండేండ్ల సంది గా ముసలాయనకు గిన్నెడు చారు గూడ పంపలే నేను” అంది. తర్వాత కొంగుతో ముఖం తుడుచుకుని, “నాకు చెప్తే ఏమొస్తది? చెప్పాల్సినోళ్లు హోటల్ల కూసోని చాయ్ తాగుతుంటరు. పోనియ్యి బండి” అంది.

మా గల్లీ మలుపులో చాయ్ హోటల్ ముందు పటేలూ ఇంకో నలుగురూ ఉన్నారు. సాయన్న ఓ చివర కూర్చుని ఎడమచేత్తో సాసరు పట్టుకుని తాగుతున్నాడు. నిలబడే చెప్పాను. పైపు నేను కోసిన సంగతి, ఆయన వద్దన్న సంగతి, తాళం తిప్పలేక నిలబడిపోయిన సంగతి, ఇవాళ్టి మూత సంగతి. సాయన్న సాసరు కింద పెట్టాడు.

“గీ మాట చెప్పనీకి రెండు ఎండకాలాలు వట్టిందా సారూ?” అన్నాడు. కోపమే. అంత కోపం ఆయనలో చూడటం అదే మొదటిసారి. కాసేపటికి నెమ్మదించాడు. “తప్పు నాది గూడ ఉన్నది. గా దినం మూత నేనే బిగిస్తి. మీకు మాట ఆడనియ్యకపోతి.”

గంగారాం పటేల్ గొంతు సవరించుకున్నాడు. “సాయన్నా, రేపు పొద్దుగాల నా ట్రాక్టర్ తెస్త. పొగ బాగ కొడ్తుంది.”

“నా యేళ్లు వంగుతలెవ్వు పటేలా.”

“నువ్వు చూడు సాలు.”

సాయన్న నా వైపు తిరిగాడు. “పానా సారు పడ్తడు తియ్యి.”

మరునాటి నుంచి నేను బదిలీ అయ్యేదాకా, కాలేజీ లేని ప్రతి పూటా పానా పట్టాను. ఆయన చెప్పేవాడు, నేను విప్పేవాణ్ని. తీగ కొన వంచడం మరిచిపోతే మోచేత్తో పొడిచేవాడు. ఇప్పటికీ ఇంట్లో ఏదైనా బిగుసుకుపోతే నా చూపు ముందు ఎదుటివాళ్ల మీదికే పోతుంది. బుద్ధి అంత తొందరగా మారదు. కాకపోతే కాసేపటికి మోచేత్తో పొడిచినట్టవుతుంది. లేచి వెనక్కి, నేను మూత బిగించిన చోటికి నడుస్తాను.

ఆయన పోయాడని తెలిసి శారదా నేనూ బాన్సువాడ వెళ్లాం. వాకిట్లో పడుకోబెట్టి, చేతులు ఛాతీ మీద దండం పెట్టినట్టు కలుపుతున్నారు. కుడిచేతి మూడు వేళ్లు కలవడం లేదు. దూరపు చుట్టమెవరో, “ఏంది, చెయ్యి గిట్లెందుకున్నది?” అని అడిగాడు.

ఈసారి నేను ఆగలేదు. “నా వల్ల” అన్నాను.