మా ఆయన సారా మానేసిన వారం

ఆ రోజు పొద్దున్న మా ఆయన టీ గ్లాసు నోటిదాకా తీసుకెళ్లలేకపోయాడు. చేతులు వణికి టీ అంతా లుంగీ మీద ఒలికింది. ఒళ్లు చూస్తే జ్వరం లేదు.

"ఏటయ్యింది మావా?" అన్నాను.

"ఏటీ నేదే. రాతిరి నిద్దర నేదు" అని బయటికి వెళ్లాడు. కాసేపటికి తిరిగొచ్చేసరికి వణుకు పోయింది. నోటి నుంచి సారా వాసన వచ్చింది. పొద్దున్నే తాగి రావడం నేను చూడటం అదే మొదలు.

మాది శృంగవరపుకోట దగ్గర పల్లె. తాగుడు నాకు కొత్త కాదు. తాటిచెట్లు గీసే కాలంలో పొలం నుంచి వచ్చిన మగాళ్లంతా కలిసి కూర్చుని కల్లు తాగేవారు. మా అత్త కూడా ఒక గుక్క వేసేది. మా ఆయన సూరికి కాస్త ఎక్కువైతే పెద్దవాళ్లే ముంత లాక్కుని ఇంటికి తరిమేవారు. కాలం అయిపోతే తాగుడూ ఆగిపోయేది.

వానల్లేక పంట పోయిన ఏడు ఆయన విజయనగరంలో జూట్ మిల్లులో చేరాడు. మరుసటి ఏడు నేనూ వెళ్లాను. అవి మద్యనిషేధం ఉన్న రోజులు. అయినా మా సందు చివర ఇంట్లో దొంగచాటుగా సారా అమ్మేవారు. షిఫ్ట్ దిగినవాళ్లు నిలబడే గబగబా తాగి వెళ్లిపోయేవారు. అక్కడ కూర్చోవడం లేదు, కబుర్లు లేవు. ఏడాది పొడుగునా దొరికేది. చాలించరా అనే పెద్దదిక్కు ఎవరూ లేరు.

టీ ఒలికిన కొన్నాళ్లకు మిల్లులో మిషను దగ్గర ఆయన చేతులు వణకడం మేస్త్రీ చూసి ఇంటికి పంపేశాడు. ఆయన బాగా భయపడ్డాడు. ఊరి నుంచి అత్తను పిలిపించి, ముగ్గురం రామతీర్థం వెళ్లాం. "ఇంక ముట్టను సామీ" అని రాములవారి ముందు చెంపలు వేసుకున్నాడు. నాకు ఏడుపు ఆగలేదు. మా కష్టం తీరిందనుకున్నాను.

మర్నాడు ఒకటే చెమటలు. తిన్నది తిన్నట్టు కక్కేశాడు, కన్ను మూయలేదు. "సెడ్డంతా బయటికి పోతన్నాదిలే" అంది అత్త. నేనూ అలాగే అనుకున్నాను.

ఆ మర్నాడు ఆయన కాళ్లు దులుపుకోవడం మొదలుపెట్టాడు. "సీమలే! సూడు, పాకేత్తన్నాయి!" అని అరుస్తున్నాడు. ఒక్క చీమ లేదు. దగ్గరికి వెళ్తే నన్ను తోసేసి, "ఎవురే నువ్వు?" అన్నాడు. అంతలోనే విరుచుకు పడిపోయాడు. ఒళ్లంతా బిగుసుకుని కొట్టుకుంది. నాలిక కరుచుకుని నోట్లోంచి నెత్తురు కారింది.

"గాలి సోకినాదే! మంత్రం ఏసేవోడిని పిలవండి!" అని అత్త గుండెలు బాదుకుంది. పక్కింటివాళ్లు రిక్షా తెచ్చారు. నేను మంత్రగాడి కోసం ఆగలేదు, ఆస్పత్రికి తీసుకుపోయాను.

డాక్టరుగారు మా ఆయన కనురెప్పలు ఎత్తి చూసి, "రోజూ ఎంత తాగుతాడమ్మా?" అని అడిగారు.

"ఇప్పుడు తాగడం నేదు బాబూ. దేవుడి కాడ మానేసినాడు" అన్నాను గర్వంగా.

డాక్టరుగారు చీటీ రాయడం ఆపేసి నా వైపు చూశారు. "ఎప్పుడు?"

"మొన్నే బాబూ."

"అందుకే ఇది. డెలీరియం ట్రెమెన్స్ అంటారు. ఇంత అలవాటైన ఒంటికి ఒక్కసారిగా ఆపేస్తే ఇలా మతి తప్పుతుంది, ఫిట్స్ వస్తాయి. ప్రాణం కూడా పోవచ్చు."

తాగితే మనిషి పోతాడని తెలుసు. మానేస్తే పోతాడా? మొక్కుకున్న మొక్కే ఆయన్ని చంపబోయిందా?

మంచానికి గుడ్డలతో కట్టి మత్తుగా పడుకోబెట్టే పారాల్డిహైడ్ ఇంజెక్షన్లు ఇచ్చారు. దాని ఘాటు వార్డంతా కొట్టేది. గ్లూకోజ్, విటమిన్ ఇంజెక్షన్లు కూడా పెట్టారు. కాస్త నిమ్మళించాడనుకునేసరికి న్యుమోనియా పట్టింది. "చెప్పలేం" అన్నారు డాక్టరుగారు. అత్త, నేను మంచం పక్కన నేల మీదే కూర్చునేవాళ్లం. ఒక పొద్దున్న ఆయన కళ్లు తెరిచి, "గౌరీ, ఆకలేత్తన్నాదే" అన్నాడు. నా పేరు ఆయన నోట విని బావురుమన్నాను.

ఇంటికి పంపేటప్పుడు డాక్టరుగారు, "లివర్ వాచింది. ఇక తాగకూడదు. ఒకవేళ తాగితే దాచకండి, వెంటనే తీసుకురండి" అన్నారు. కొన్ని నెలలకే మిల్లువాళ్లతో కలిసి మళ్లీ మొదలుపెట్టాడు. ఈసారి మొక్కులూ ఒట్లూ పెట్టించలేదు. తిన్నగా ఆస్పత్రికి తీసుకెళ్లాను. అక్కడే ఉంచి, మందులిస్తూ మాన్పించారు. ఆ సందులోంచి మిల్లుకు అవతలి వైపు ఇల్లు మారాం. ఇప్పుడు ఆయన మిల్లుకు వెళ్తున్నాడు. ఒళ్లు మునుపటంత గట్టిగా లేదు, మెట్లెక్కితే ఆయాసం. తాగడం మాత్రం లేదు.

మొన్న మా పక్క వాటాలో ఉంటున్న ఆవిడ నవ్వుతూ వచ్చింది. వాళ్లదీ మాలాగే పల్లె నుంచి వచ్చిన కుటుంబం. "ఒదినా, మా ఆయన నిన్నటి కాడి నుంచి సుక్క ముట్టనేదు" అంది. నేను సంతోషించలేకపోయాను. "సెమటలు పడతన్నాయా? నిద్దరోయినాడా?" అని అడిగాను. ఆవిడ నవ్వు ఆగిపోయింది. అతన్ని రిక్షా ఎక్కించేదాకా నేను ఊరుకోలేదు. ఆస్పత్రిలో చేర్చుకున్నారు. ఫిట్స్ రాలేదు.

మీ ఇంట్లో రోజూ బాగా తాగేవాళ్లుంటే ఇంటి దగ్గరే ఒక్కసారిగా మాన్పించకండి. ముందు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. ఎంత తాగుతారో, ఆఖరుసారి ఎప్పుడు తాగారో సిగ్గుపడకుండా చెప్పండి. మాన్పించడం ఆ తర్వాతే.