ముడుల మాస్టారు

బడిలో డ్రిల్లు చెప్పే ఆయన్ని స్కౌట్ పిల్లలు ముడుల మాస్టారంటారు. తాడుముక్క కనబడితే ఆయన చెయ్యి ఊరుకోదు. గొడుక్కీ ముడే, క్యారేజీకీ ముడే. పంచదార సంచికి వేసిన ముడి విప్పలేక ఆయన భార్య, "మీరు ఇంట్లో ఉంటేనే మాకు కాఫీ" అంటుంది. ఆయన దాన్ని మెప్పు కిందే జమకట్టుకుంటారు. చలికాలం క్యాంపులో రోజూ సాయంత్రం పిల్లల్ని వరసగా నిలబెట్టి తలా ఒక తాడు ఇస్తారు. వేళ్లు కొంకర్లు పోయి ముడి వేయలేనివాడికి చలి ఒంట్లోకి దిగినట్టే లెక్క. వాడెంత మొత్తుకున్నా వినకుండా తడిబట్టలు మార్పించి దుప్పట్లో చుట్టేయాలి. "బాగానే ఉన్నానన్నవాణ్ణి అస్సలు నమ్మొద్దురా" అన్నది ఆయన పాఠం.

ఈసారి క్యాంపులో మధ్యాహ్నమంతా జల్లు పడింది. అందరి గుడారాల తాళ్లూ బిగిస్తూ మాస్టారు తడిసి ముద్దయ్యారు. సాయంత్రం తాళ్లు పంచుతుంటే అవి ఆయన చేతిలోంచి జారిపోయాయి. ట్రూప్ లీడరు కుర్రాడు ఒకటి తీసి అందించి, "మాస్టారూ, మీరూ ఒకటి వేయండి" అన్నాడు. ఆయన వేళ్లు తాడు చుట్టూ తిరిగాయి గానీ ముడి పడలేదు.

"నాకేంరా, బాగానే ఉన్నాను" అన్నారు.

అంతే, పిల్లలంతా మీద పడ్డారు. గుడారంలోకి లాక్కెళ్లి, పొడిబట్టలు తొడిగి, దుప్పట్లో చుట్టి, అది జారకుండా పైన తాడు కట్టారు. మాస్టారు పళ్లు టకటకలాడిస్తూనే ఆ కట్టువైపు చూసి, "ముడి తప్పు. విప్పి మళ్లీ వేయండి" అన్నారు.

విప్పితే లేచి బయటికి వెళ్లిపోతారని ఎవరూ విప్పలేదు.