కుడి నుంచి చదివిన కత్తి

మా బావకి పాత జపాను మంగలికత్తుల పిచ్చి. గడ్డం మాత్రం గుండెల దాకా వేలాడుతుంది. ఇంటికొచ్చినవాళ్లు ముందు ఆ కత్తుల్నీ, తర్వాత ఆ గడ్డాన్నీ చూసి మర్యాదకి నవ్వు ఆపుకుంటారు. మరదలిని కదా, నాకా మొహమాటం లేదు. "చెప్పుల కొట్టు పెట్టుకుని ఒట్టికాళ్లతో తిరుగుతారేంటి బావా?" అని ఎప్పుడూ ఆటపట్టిస్తాను. నోట్లో నాలుక లేని మనిషి, నవ్వేసి ఊరుకుంటాడు.

కళ్లజోళ్ల కొట్లో అద్దాలు అరగదీయడం ఆయన పని. సాయంత్రం ఇంటికి రాగానే చేతులు కడుక్కుని, కిటికీ పక్కన గుడ్డ పరిచి ఓ సొరుగు లాగుతాడు. కత్తి మడత విప్పి గోటితో మీటుతాడు, చెవి దగ్గర పెట్టుకుని వింటాడు. ఉక్కు ఎంత పల్చగా అరగదీస్తే అంత సన్నగా మోగుతుందట. తర్వాత కంటికి భూతద్దం బిగించి, పిడిలోకి వెళ్లే మెడ దగ్గర, చేసినవాళ్లు కొట్టిన ముద్ర చూస్తాడు. ఆ భాష ఒక్క ముక్క రాదు. అక్షరాల్ని మాత్రం మనుషుల మొహాల్లా గుర్తుపడతాడు. ఒకే ముద్ర ఉన్నవన్నీ ఒకే సొరుగులో ఉండాలి. అలా అక్క బట్టల సొరుగులు ఒక్కొక్కటీ ఆయన పాలయ్యాయి.

ఇదంతా అక్క చేతి చలవే. అక్క రబ్బరు స్టాంపులు చేస్తుంది. పెళ్లైన కొత్తలో బ్లేడు మొండిబారిందని, అల్మారాలో ఉన్న మంగలికత్తి తీసి రబ్బరు షీటు మీద పెట్టి నొక్కింది. పిడి ఫట్‌మని విరిగింది. అది బావ వాళ్ల నాన్న బతికినన్నాళ్లూ గడ్డం గీసుకున్న జపాను కత్తి. బావ కోప్పడలేదు. "పర్లేదులే, దీనికి సరైన పిడి దొరికాక దీంతోనే గీసుకుంటా" అన్నాడు. అంతే, గడ్డం మొదలైంది, ఆ పిడి కోసం పాత కత్తులు కొనడమూ మొదలైంది.

ఆయన దెప్పడానికి అనలేదు. కానీ అక్క నాతో ఎన్నిసార్లు చెప్పుకుందో. "ఆ గడ్డం చూసినప్పుడల్లా నా తప్పే కనిపిస్తుందే. నాలుగు తిట్టేసినా బావుండేది."

ఏదో ఒక పిడి తగిలించచ్చుగా అంటే వినడు. "ఒక ఇంటి కత్తికి ఇంకో ఇంటి పిడేంటి?" అంటాడు. ఆ కత్తి మీద రెండక్షరాలున్నాయి. అదే వరసలో అవి ఇంకే కత్తి మీదా కనిపించలేదు.

మొన్న ఆదివారం నేను వెళ్లేసరికి ఇద్దరూ ఒకే బల్ల పంచుకుని కూర్చున్నారు. అక్క కొత్త స్టాంపు సరిచూస్తోంది. ఇంతలో తల తిప్పి, ఆయన తుడుస్తున్న రెండు కత్తుల మీద వేలు పెట్టింది.

"ఇవి రెండూ ఒకటేగా?"

"కాదు. నాన్న కత్తిలో చెట్టులాంటి అక్షరం ముందుంది. దీంట్లో ఇల్లులాంటిది ముందుంది."

"ఎటు నుంచి ముందు?"

బావ తెల్లబోయాడు.

"ఎడమ నుంచేగా!"

"స్టాంపు మీద అక్షరాలు తిరగేసి చెక్కాలిగా, నాకు అన్నీ కుడి నుంచే. మీరూ మావయ్యగారి కత్తిని ఓసారి కుడి నుంచి చూడండి."

బావ భూతద్దం పెట్టుకున్నాడు. రెండు కత్తుల్నీ పక్కపక్కన పెట్టి మార్చిమార్చి చూశాడు. "అవునే! జపానువాళ్లు పూర్వం అడ్డంగా రాస్తే కుడి నుంచే రాసేవాళ్లట, ఎక్కడో విన్నాను కూడా. నాన్నది పాతది, ఇది తర్వాతి రోజుల్లో చేసింది, అందుకే తిరగబడింది." చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే. అంచు విరిగి, పిడి మాత్రం నిక్షేపంగా ఉన్న ఆ రెండో కత్తి ఎన్నో ఏళ్లుగా కింది సొరుగులోనే ఉంది.

మేకు ఊడదీసి పిడి మార్చడం ఆయనకెంతసేపు! వాళ్ల నాన్న కత్తి అంచు నూరాడు, తోలు మీద సానపట్టాడు, నురగ రాసుకున్నాడు. తీరా కత్తి చెంపకి ఆనించాక ఎటు నుంచి ఎటు గియ్యాలో తెలియక ఆగిపోయాడు. ఇన్ని కత్తులున్న మనిషికి కత్తితో గీసుకోవడం రాదు!

అక్క లేచి కత్తి అందుకుంది. నేను గబుక్కున లేచాను.

"అక్కా, అది రబ్బరు కాదు, బావ!"

"తెలుసులే. అప్పుడు నొక్కాను. ఇప్పుడు నొక్కను."

ముందు కత్తెరతో, తర్వాత కత్తితో, అక్షరం చెక్కినంత నిదానంగా గీసింది. బావ అద్దంలో చూసుకుని, "అచ్చం మా నాన్నే" అన్నాడు. అక్క ఆ నున్నటి చెంప మీద అరచెయ్యి పెట్టి, నేనక్కడున్నానని కూడా మర్చిపోయి ఏడ్చేసింది.

"రేపు పొద్దున కూడా నువ్వే గియ్యాలి" అన్నాడు బావ.