తిన్నవా అని అడిగినంకనే ఉత్తరం

మా గల్లీకి ఉత్తరాలు తెచ్చే పోస్టు మామ పోయాడు. జ్వరమని దవాఖానలో చేర్చిన నాలుగో రోజు పొద్దున కబురొచ్చింది. మా అమ్మ కొంగు నోట్లో కుక్కుకొని ఏడ్చింది. జులూసులో లాఠీ తగిలి నా తల పగిలిన రోజు కూడా ఆమె అంత ఏడవలేదు. అది చూసి నాకు ముందు పుట్టింది దుఃఖం కాదు, అసూయ. దాచడమెందుకు, ఆయనంటే నాకు ఎప్పుడూ కుళ్ళే.

ఎందుకుండదు? సుల్తాన్ బజార్‌లో కొన్న కరపత్రాలు పట్టుకొని, నాంపల్లి స్టేషన్ వెనక మా గల్లీ నల్లా దగ్గర, తిరగేసిన డబ్బా మీద నిలబడి భూమి గురించీ కూలి గురించీ గొంతు చించుకొని చదివేవాణ్ణి. పదిమంది వినేవాళ్ళు. ఆబిడ్స్ పెద్ద పోస్టాఫీసు నుంచి వచ్చే ఆయన సైకిల్ గంట మలుపులో మోగితే చాలు, ఆ పదిమందీ నన్ను వాక్యం మధ్యలో వదిలేసి అటు పోయేవాళ్ళు. ఆయన నా ముందు ఆగి, "లీడర్ సాబ్, జర జరుగుండ్రి, సైకిల్ పోవాలె" అనేవాడు. అందరూ నవ్వేవాళ్ళు.

మొదటి ప్రపంచ లడాయిలో సముద్రం దాటి బస్రా దాకా పోయొచ్చిన సిపాయి ఆయన. ఎడమ చెవి అక్కడే పోయింది. తిరిగొచ్చి ముప్పై ఏళ్ళకు పైగా టపా మోశాడు. సర్కారు మారి టోపీ మీది బిళ్ళ మారినా, నలగని ఖాకీ చొక్కా, కుడిచెవి ముందుకు పెట్టి వినే తీరు మారలేదు. పరాయి దొరల లడాయి ఎందుకు చేశావని ఒకసారి నిలదీశాను. "వద్దని చెప్పేటోళ్ళు లేకుండిరి బిడ్డా. నువ్వింకా పుట్టలే" అన్నాడు. వారం రోజులు ఆ మాట నన్ను కాల్చింది.

గల్లీలో చాలామందికి చదువు రాదు. నేను నేర్పుతానంటే ముగ్గురొచ్చారు. ఆ ముగ్గురూ ఉత్తరాలు మాత్రం ఆయనతోనే చదివించుకునేవాళ్ళు.

స్టేషన్ ముందు పండ్లు అమ్మే పక్కింటి అత్తకు ఒకరోజు కార్డు వచ్చింది. ఆయన గడపలో నిలబడి, "తిన్నవా చెల్లె?" అని అడిగాడు. బియ్యం ఇప్పుడే పొయ్యి మీద పెట్టానందామె. "గట్లైతే మల్లొస్త" అని కార్డు సంచిలో పెట్టబోయాడు. నా ఒళ్ళు మండింది. ఆమె ఉత్తరం ఆమెకు దాచే హక్కు నీకెవరిచ్చారని దాన్ని లాక్కున్నాను. చావు కబురు మోసే కార్డుకు మూల చింపి పంపుతారు. నా కోపానికి ఆ మూల కనిపించలేదు. కరపత్రం చదివినట్టే గట్టిగా చదివాను. ఆమె తమ్ముడు చనిపోయాడన్న మాట దాటాక కూడా రెండు వాక్యాలు చదివాకే నా నోరు ఆగింది. ఆమె పొయ్యి ముందే కూలబడింది. అన్నం మాడిన వాసన గల్లీ అంతా కమ్మింది.

రెండు రోజులు ఆమె మెతుకు ముట్టలేదు. మూడో రోజు మామ తన ఇంటి నుంచి జొన్న గటక తెచ్చి, ముందు కూర్చొని తాగించాడు. పోతూ నాతో, "బస్రాల ఖానా తినకముందే టపా పంచెటోళ్ళు. నా దోస్తుకు బిడ్డ సచ్చిందని జాబొచ్చింది. ఆకలి కడుపుతోని ఏడ్వనీకి గూడ బలముండదు బిడ్డా" అన్నాడు. ఆయన తిట్టి ఉంటే ఎదురు తిట్టేవాణ్ణి.

తర్వాత గల్లీలో ఎవరూ నా చేతికి ఉత్తరం ఇవ్వలేదు. అది నాకు పడిన శిక్ష. ఆయన దవాఖానలో ఉన్నప్పుడు కూడా ఆడవాళ్ళు ఉత్తరాలు గూట్లో దాచుకున్నారే గాని నన్ను పిలవలేదు. మంచం పట్టినా ఆయనే గెలిచాడని పళ్ళు కొరుక్కున్నాను.

ఆయన పోయిన వారానికి కొత్త పోస్ట్‌మ్యాన్ గడపల్లోకి ఉత్తరాలు విసిరేసి పోయాడు. అత్త కార్డు పట్టుకొని చాలాసేపు వాకిట్లో నిలబడి, లోపలికి పోయి, చివరికి నా దగ్గరికి వచ్చింది. ముందు మూలలు చూశాను. నాలుగూ బాగానే ఉన్నాయి. అయినా నోటికి వచ్చేసింది.

"తిన్నవా అత్తా?"

"తిన్న బిడ్డా. ఇగ సదువు."

కార్డు ఇస్తున్న ఆమె కుడిచెయ్యి ఇంకా తడిగానే ఉంది. నేను చదవడం మొదలుపెట్టాను. ఆమె వింటూనే ఉంది, కళ్ళు మాత్రం నా మీద లేవు. సైకిల్ వచ్చే మలుపు వైపు చూస్తున్నాయి.