ఎండలో పెట్టిన సిలిండరు

ఎనిమిదేళ్లుగా ఒక మాట నా గొంతుకు అడ్డం పడి ఉంది. మింగలేకపోయాను, కక్కలేకపోయాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను.

కువైట్‌లోని ఫింటాస్‌లో ఒక డైవింగ్ దుకాణంలో అప్పట్లో నా పని. సముద్రం అడుగుకు దిగేవాళ్ల సిలిండర్లలో గాలి నింపడం, వాటిని పడవ ఎక్కించడం, దించడం. రాజేశం మా జగిత్యాల వైపు వాడే. దుకాణం యజమాని అయిన మా కఫీల్ కాళ్లావేళ్లా పడి వాడిని అక్కడ పెట్టించింది నేనే. ఏడాది తిరగకుండానే కఫీల్‌కు వాడు ముద్దొచ్చాడు. ఈత బాగా వచ్చని డైవింగ్ నేర్పించాడు. పరీక్ష గట్టెక్కితే, వచ్చినవాళ్లను నీళ్లలో వెంటబెట్టుకు తిరిగే పని వాడిదే. వాడిని పేరుపెట్టి పిలిచేవాడు. నన్ను మాత్రం "యల్లా, సిలిండర్!" అని అదిలించేవాడు. నాకూ ఈత వచ్చు. ఎవరడిగారు?

కడుపు మండింది. ఒకే గదిలో ఉండేవాళ్లం. నేను వండిన కూర తిని "మస్తుందన్నా" అని వాడు మెచ్చుకున్నా నన్ను వంటవాడి కింద జమకట్టాడనిపించేది. వాడు నాకు చేసిన అన్యాయం ఏమిటి? ఎంత వెతికినా ఒక్కటీ దొరకలేదు. దొరకనందుకు ఇంకా మండిపోయేవాణ్ణి.

పరీక్ష ఏప్రిల్‌లో జరిగింది. తీరానికి చాలా దూరంలో, నీళ్ల అడుగునుంచి నిట్టనిలువుగా లేచిన రాతిగుట్ట ఒకటి ఉంది. ఆ కాలంలో దాని చుట్టూ గోధుమరంగు నాచు గుబురుగా పెరిగి అడవిలా ఊగుతుందని రాజేశం రోజూ చెప్పేవాడు. పడవలో ఉండే నాకు అది నల్లటి మచ్చ, అంతే. ఆ గుట్టను ఒక చుట్టు చుట్టి, సిలిండర్లో పావువంతు గాలి మిగిలి ఉండగా పైకి రావాలి.

మా పనిలో ఒక సంగతి ఉంది. నింపేటప్పుడు సిలిండరు వేడెక్కి, గేజీ ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది. చల్లారాక ముల్లు దిగుతుంది. అందుకే చల్లారనిచ్చి, మళ్లీ కాస్త నింపి, పడవలో తడిగోనె కప్పుతాం. ఆ రోజు అందరివీ అలాగే చేశాను. రాజేశం సిలిండరు మాత్రం మళ్లీ నింపలేదు. దాన్ని ఎండలో పెట్టాను. దూకేముందు వాడు గేజీ చూసుకున్నాడు. నిండుగానే ఉంది. చల్లటి నీళ్లలోకి వెళ్లగానే పడిపోతుందని నాకు తెలుసు. లోపల వాడికేమన్నా అయితే? ఆ ప్రశ్న నాకు అప్పుడు తట్టలేదని చెప్పాలనుంది. తట్టింది. అయినా సిలిండరు మార్చలేదు.

చుట్టు పూర్తికాకముందే వాడొక్కడే పైకి వచ్చాడు. భయపడినవాళ్లే అంత గాలి పీలుస్తారని కఫీల్ తేల్చేశాడు. ఖలాస్, పరీక్ష పోయింది అన్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు రాజేశం నా పక్కన కూర్చున్నాడు.

"అన్నా, నా ఊపిరిల్నే ఏదో లోపమున్నట్టుందే. అందరికి సరిపోయిన గాలి నాకే ఎందుకు సరిపోలే?"

"ఏమో తమ్మీ. కొందరి పానం గంతే," అన్నాను.

సిలిండరుకన్నా ఆ మాటే ఎక్కువ పాపమని ఇప్పుడు అనిపిస్తుంది.

తర్వాత కఫీల్ నాకు డైవింగ్ నేర్పించాడు, ఆ పని నాకే వచ్చింది. ఆ నాచు మధ్య ఇప్పుడు నేను తిరుగుతున్నాను. వాడు కువైట్ సిటీలో ఒక ఆఫీసు తుడుస్తున్నాడు. నీళ్ల జోలికి పోడు. మెట్లెక్కి కాస్త ఆయాసం వచ్చినా ఛాతీ పట్టుకుని నిలబడిపోతాడు.

మొన్న శుక్రవారం కలిశాం. ఊళ్లో వాళ్ల పాప బడిలో ఈతపోటీకి పేరిచ్చిందట. వాడు ఫోన్ చేసి తీయించేశాడట. తన ఊపిరే పిల్లకూ వచ్చి ఉంటుందని భయం. అప్పుడైనా చెప్పొచ్చు కదా? టీ చల్లారిపోయేదాకా కూర్చుని, లేచి వచ్చేశాను.

ఇది రాస్తుంటే గుండె కాస్త తేలికపడింది. అందుకు కూడా సిగ్గుగానే ఉంది. రాజేశం ఊపిరికి ఏ లోపమూ లేదు. వాడికి గాలి తక్కువ పెట్టింది నేను.