కళజోళ్ళు

భీమవరంలో మా కొట్టుకి ఇప్పటికీ పాతకాలపు ప్లాస్టిక్ బోర్డే. పాలరంగు పెట్టె, లోపల ట్యూబ్‌లైట్, పైన అతికించిన ఎర్రటి అక్షరాలు. సాయంత్రం స్విచ్ వేస్తే కాసేపు కొట్టుకుని గానీ వెలగదు. అడుగున ఏళ్ల తరబడి రాలిన పురుగులు నల్లటి గీతలా కనిపిస్తాయి. చుట్టుపక్కల కొట్లవాళ్లంతా పరిగెత్తే అక్షరాల ఎల్ఈడీలు పెట్టించుకున్నారు. చదివేలోపు పారిపోతాయవి. మాది ఉన్నచోటే ఉండి మెత్తగా వెలుగుతుంది, అందుకే నాకు దానిమీద అంత ప్రేమ.

ఒక గాలివానకు 'కళ్ళజోళ్ళు'లో మొదటి వత్తు ఊడిపోయి 'కళజోళ్ళు' అయింది. కళ్ళజోళ్ళ కొట్టువాడికే కళ్ళు ఆనటం లేదని బజారంతా ఆటపట్టించింది. మా ఆయన మాత్రం వత్తు అతికించనివ్వలేదు. కొత్త అద్దాలు పెట్టుకున్నవాళ్లను రోడ్డవతలికి తీసుకెళ్లి బోర్డు చదవమనేవారు. 'కళ్ళజోళ్ళు' అన్నారంటే అలవాటుకొద్దీ చదివేసినట్టు, మళ్లీ కొట్లోకి రావాల్సిందే. 'కళజోళ్ళు' అని నవ్వారంటే అద్దాలు కుదిరినట్టు. రొయ్యల చెరువుల రైతులకైనా, కాలేజీ పిల్లలకైనా అదే పరీక్ష.

ఊరందరినీ పరీక్షించే మనిషికి కొన్నాళ్లుగా కళ్ళలో శుక్లాలు. ఆపరేషన్ ఆలస్యం చేయొద్దని డాక్టరు గారు చెప్పినా వినరు. కాఫీ గ్లాసు ఇక్కడుంటే చెయ్యి అక్కడ పెడతారు. అడిగితే ఏదో ఆలోచనలో ఉన్నానంటారు. మొండితనంలో ఆయన్ని మించినవాళ్లు మా ఇంట్లో నేనొక్కదాన్నే.

మొన్న పొద్దున కొట్టు ఊడుస్తుంటే మెట్ల మీద రెండో వత్తు దొరికింది. బోర్డు మీద ఇక 'కళజోళు' మిగిలింది. ఆయనకు చెప్పకుండా వత్తును కొంగున ముడేసుకున్నాను. సాయంత్రం బోర్డు వెలిగాక, ఆయన్ని రోడ్డవతలికి లాక్కెళ్లి చదవమన్నాను.

"కళజోళ్ళు" అన్నారు ధీమాగా.

ముడి విప్పి వత్తు ఆయన చేతిలో పెట్టాను. వేళ్లతో తడిమి పోల్చుకున్నారు. గెలిచానని నేను సంబరపడుతుంటే, ఆయన దాన్ని గుప్పిట్లో పెట్టుకుని నావైపు తిరిగారు.

"రేపే డాక్టరు గారి దగ్గరికి వెళ్దాం. ఇన్నాళ్లూ నీ మొహం కూడా అలవాటుకొద్దీనే చూస్తున్నానేమో" అన్నారు.

నాకు ఏడుపొచ్చింది. ఆయన కంటపడకూడదని బోర్డు వెలుతురుకు వీపు పెట్టి నిలబడ్డాను. కంటపడదన్న సంగతి ఆ తర్వాత గానీ తట్టలేదు.