ఫాల్టుగారి తోడల్లుడు

కళ్లజోళ్ల షాపాయనను టేబుల్ టెన్నిస్ ఆడే పిల్లలంతా చాటుగా ‘ఫాల్టుగారు’ అంటారు. ఆదివారమైతే చాలు, షాపుకు తాళం వేసి అంపైరు కుర్చీ ఎక్కేస్తాడు. సర్వీసులో బంతి తెరిచిన అరచేతి మీంచి జానెడు పైకి లేవకపోతే ‘ఫాల్ట్’ అంటాడు, అంతే. ఎందుకో చెప్పడం ఆయనకు నామోషీ.

చిక్కంతా తోడల్లుడితో వచ్చింది. మరదలి మొగుడు, బ్యాంకు గుమాస్తా, నిన్నగాక మొన్న అంపైరు పరీక్ష గట్టెక్కినవాడు. అతను పిల్లల్ని మందలించినా ముద్దు చేసినట్టే ఉంటుంది. అత్తవారింట్లోనూ అదే వరస, చిన్నల్లుడు నోరు విప్పితే ముత్యాలు రాలతాయి! పెద్దల్లుడైన మన పెద్దాయన కళ్లలో నిప్పులు పోసుకున్నాడు.

ఆ రోజు ఫైనల్. ఈయన కుర్చీలో, ఎదురుగా సహాయకుడిగా తోడల్లుడు. ఇద్దరిలో ఒక్కరినే పెద్ద పోటీలకు అంపైరుగా పంపుతానని, అంపైర్లందరి మీదా ఉండే రిఫరీ ముందే చెప్పాడు.

మొదటి గేములోనే, ఒకమ్మాయి సర్వీసు చేస్తుంటే తోడల్లుడు ఆట ఆపాడు. “బంతి ఇంకాస్త పైకెయ్యమ్మా. నాకు అనుమానంగా ఉంది. ఈసారికి హెచ్చరికే.”

“థాంక్స్ అంకుల్,” అందా అమ్మాయి. రిఫరీ మెచ్చుకోలుగా తలూపాడు. పెద్దాయన అది చూడనే చూశాడు.

ఒకసారి హెచ్చరించాక అంపైరుకు అనుమానం వస్తే చాలు, పాయింటు పోతుంది. ఆఖరి గేములో స్కోరు పది-పది దగ్గర సమంగా ఉండగా ఆ అమ్మాయి సర్వీసు చేసింది. బంతి నిక్షేపంగా లేచింది. ఈయనకు ఏ అనుమానమూ లేదు. అయినా నోరు ఆగలేదు.

“ఫాల్ట్!”

“ఏం తప్పు చేశానండీ?”

చేసి ఉంటే కదా చెప్పడానికి! ఈయన దిక్కులు చూశాడు. తోడల్లుడే అందుకున్నాడు. “అరచెయ్యి కాస్త ముడుచుకుందేమోనమ్మా. అన్నయ్యగారి వైపు నుంచి బాగా కనిపిస్తుంది.”

తర్వాతి పాయింటుతో అమ్మాయికి మ్యాచీ పోయింది.

“మీ కన్ను కన్నే! పెద్ద పోటీలకి మీరే వెళ్లండి,” అని రిఫరీ భుజం తట్టి పోయాడు.

ఈయన తోడల్లుణ్ణి పక్కకు లాగాడు. “నువ్వు చూశావా, చెయ్యి ముడవడం?”

“లేదన్నయ్యా, తెరిచే ఉంది. మీరు నలుగురిలో అలా బిక్కమొహం వేస్తే చూడలేకపోయాను.”

ఇంతలో ఆ అమ్మాయి కళ్లు తుడుచుకుంటూ వచ్చి, తోడల్లుడి ముందు చెయ్యి చాపింది. “ఇలా పెడితే సరిపోతుందా అంకుల్?”

తోడల్లుడు తలదించుకుని, ఏ వంకా లేని ఆ అరచేతి వేళ్లు సర్దడం మొదలుపెట్టాడు. పెద్దాయన పక్కనే నిలబడ్డాడు. లేని తప్పు పట్టింది తను. కనీసం దాని గురించైనా ఆ పిల్ల తనను అడగలేదని ఆయనకు ఒళ్లు మండిపోయింది.